అనలాగ్ వాయిస్ గేట్‌వే: పాత ఈపీఏబీఎక్స్‌తో అనుసంధానం

రెండు తీగల టెలిఫోన్ లైనును ఒకవైపు, ఇంటర్నెట్ ప్రోటోకాల్ మీద నడిచే ఫోన్ వ్యవస్థను మరోవైపు ఉంచుకుని కాల్స్‌ను అటూ ఇటూ దాటించే పరికరం అనలాగ్ వాయిస్ గేట్‌వే. ఒక్క పోర్టు ఉన్న అరచేతి వెడల్పు పెట్టె మొదలుకుని ర్యాక్‌లో బిగించే 24 పోర్టుల యంత్రం దాకా ఇది రకరకాల పరిమాణాల్లో దొరుకుతుంది. ఆఫీసుల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలుపుతూ ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఈపీఏబీఎక్స్ బోర్డులను ఒక్కసారిగా పీకేయకుండా కొత్త నెట్‌వర్క్‌కు కలపడానికి దీన్ని వాడతారు. మాటను అంకెలుగా మార్చడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక. సెకనుకు 8,000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు, మొత్తం 64 కిలోబిట్లు అన్న లెక్క 1972లో వచ్చిన జి.711 ప్రమాణంతోనే స్థిరపడింది. చిక్కంతా పాత లైను తన స్థితిని తెలియజేసే తీరులో ఉంది. ఎత్తారా, పెట్టేశారా, మోగుతోందా, అవతలివాళ్లు వెళ్లిపోయారా అన్న సంగతులను ఆ లైను చెప్పీ చెప్పనట్టు చెబుతుంది. దాని చివర ఎప్పుడూ ఒక మనిషి చెవి ఉంటుందన్న ధీమాతో దాన్ని తయారు చేశారు. గేట్‌వే వచ్చి కూర్చునేది సరిగ్గా ఆ చెవి ఉండవలసిన చోట. అనుసంధానంలో తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క మార్పేనని, దాన్ని గుర్తించి పని మొదలుపెడితే పాత బోర్డును ఇంకొన్నేళ్లు నమ్మకంగా నడపవచ్చని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందుగా లైను సంగతి. ఎక్స్ఛేంజీలోని బ్యాటరీ రెండు తీగల మీద మైనస్ 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తును నిలిపి ఉంచుతుంది. రిసీవరు పెట్టి ఉన్నంతసేపూ కరెంటు పారదు. ఎత్తగానే వలయం పూర్తయి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు పారతాయి, దాన్ని బట్టే ఎవరో ఫోను ఎత్తారని ఎక్స్ఛేంజీ గ్రహిస్తుంది. గంట మోగించాలంటే ఆ ఏకముఖ విద్యుత్తు మీద ఏకాంతర విద్యుత్తును ఎక్కిస్తుంది. భారతదేశంలో అది దాదాపు 75 వోల్టులు, 25 హెర్ట్జ్. అమెరికాలో సుమారు 90 వోల్టులు, 20 హెర్ట్జ్. ఆల్మన్ స్ట్రౌజర్ 1891లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీకి పేటెంటు పొందిన నాటి నుంచి ఎక్స్ఛేంజీ లోపలి యంత్రాంగం ఎన్నిసార్లు మారినా, చందాదారుడి ఇంటికి వెళ్లే ఈ రెండు తీగల పద్ధతి మౌలికంగా మారలేదు. భారతదేశంలో 1984లో ఏర్పడిన సీ-డాట్ రూపొందించిన 128 పోర్టుల చిన్న ఎక్స్ఛేంజీలు లోపల పూర్తిగా డిజిటల్. అయినా ఫోను దగ్గరికి వెళ్లేసరికి అవే రెండు తీగలు, అదే బ్యాటరీ. ఆఫీసు మూలనున్న ఈపీఏబీఎక్స్ కూడా తన ఎక్స్‌టెన్షన్లకు ఎక్స్ఛేంజీలాగే బ్యాటరీ, డయల్ టోన్, గంట ఇస్తుంది. బయటి లైన్ల ముందు మాత్రం తానే ఒక ఫోనులా ప్రవర్తిస్తుంది. ఈ రెండు ముఖాల సంగతి మనసులో పెట్టుకుంటే గేట్‌వే పోర్టుల తేడా ఇట్టే బోధపడుతుంది.

గేట్‌వే పోర్టులు రెండు రకాలు. ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టు ఎక్స్ఛేంజీ పాత్ర పోషిస్తుంది. బ్యాటరీ ఇచ్చేది, డయల్ టోన్ వినిపించేది, గంట మోగించేది అదే. ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు ఫోను పాత్ర పోషిస్తుంది. గంటను గుర్తించి, వలయం మూసి, లైను ఎత్తుతుంది. ఒకే రకం పోర్టులను రెంటిని ఎదురెదురుగా కలిపితే ఏమీ జరగదు. రెండు ఎక్స్ఛేంజీలు ఎదురుపడితే ఎత్తేవాళ్లుండరు, రెండు ఫోన్లు ఎదురుపడితే మోగించేవాళ్లుండరు. అందువల్ల పాత బోర్డుతో కలపడానికి దారులు రెండే ఉన్నాయి. గేట్‌వే ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టును బోర్డు ట్రంకు పోర్టుకు, అంటే బయటి లైను తగిలించే పోర్టుకు ఇవ్వవచ్చు. అప్పుడు టెలిఫోన్ శాఖ లైను స్థానంలో గేట్‌వే నిలబడుతుంది. లేదా గేట్‌వే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టును బోర్డు ఎక్స్‌టెన్షన్ పోర్టుకు ఇవ్వవచ్చు. అప్పుడు బోర్డు దృష్టిలో గేట్‌వే మరో ఎక్స్‌టెన్షన్ ఫోను. క్రోన్ మాడ్యూలు మీద జతల తీగలు పంచ్ చేసేవాళ్లకు రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి, పట్టే సమయమూ ఒకటే. రేపు ఆ లైన్లు ఎలా ప్రవర్తిస్తాయన్నది మాత్రం ఈ ఎంపికతోనే చాలావరకు తేలిపోతుంది.

కాల్ ముగింపును దగ్గరగా గమనిస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. రెండో దారిలో కలిపిన ఒక గేట్‌వేను తీసుకుందాం. కొత్త ఐపీ ఫోను నుంచి ఎవరో పాత బోర్డులోని 214 ఎక్స్‌టెన్షన్‌కు కాల్ చేశారు, మాటలు అయిపోయాయి, 214లోని వ్యక్తి ముందుగా ఫోను పెట్టేశారు. ఇప్పుడు బోర్డు ఏం చేస్తుంది? గేట్‌వే ఉన్న ఎక్స్‌టెన్షన్ వైపు బిజీ టోన్ పంపుతుంది, అంతే. బ్యాటరీ ఆగదు, వలయం తెగదు. అక్కడ మనిషి ఉంటే ఆ టోన్ విని రిసీవరు పెట్టేసేవాడు. గేట్‌వే మాత్రం ఆ టోన్‌ను లెక్కకట్టి పోల్చుకోవాలి. భారతీయ పద్ధతిలో బిజీ టోన్ 400 హెర్ట్జ్ స్వరం: 750 మిల్లీసెకన్లు మోగి, మరో 750 మిల్లీసెకన్లు ఆగుతుంది. అమెరికాలో 480, 620 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి అర సెకను మోగి, అర సెకను ఆగుతాయి. పెట్టెలోంచి తీసిన గేట్‌వేలు చాలావరకు అమెరికా అమరికతోనే ఉంటాయి. ఆ అమరికను మార్చకపోతే 400 హెర్ట్జ్ టోన్ వాటికి ఎవరో ఈల వేస్తున్నట్టు మామూలు శబ్దంగానే వినిపిస్తుంది. ఐపీ వైపు మనిషి పెట్టేస్తే సరి, అలా కాకుండా అటు చివర వాయిస్ మెయిలో కాన్ఫరెన్సో ఉంటే కాల్ అలాగే నిలిచిపోతుంది. వాయిస్ మెయిల్ నిడివి పూర్తయ్యేదాకా బిజీ టోన్‌నే రికార్డు చేసుకుంటూ పోతుంది. పోర్టు ఖాళీ కాదు. ఉదయం నుంచి ఇలాంటి కాల్స్ నాలుగు పడితే నాలుగు పోర్టుల గేట్‌వే మూగబోతుంది. ఎవరో వచ్చి కరెంటు తీసి పెడతారు, మళ్లీ పనిచేస్తుంది, మర్నాడు మళ్లీ అదే కథ. ఇలాంటి చోట్ల గేట్‌వే చెడిపోయిందని దాన్ని మార్చేస్తుంటారు. కొత్తగా తెచ్చిన పెట్టెకు కూడా ఆ టోన్ అర్థం కాదు.

దేశం పేరు ఎంచుకోవడంతోనే ఈ చిక్కు తీరుతుందనుకోవడం పొరపాటు. ప్రభుత్వ ఎక్స్ఛేంజీల టోన్లు జాతీయ ప్రమాణాన్ని పాటిస్తాయి గానీ, ఈపీఏబీఎక్స్ తన ఎక్స్‌టెన్షన్లకు వినిపించే టోన్లు దాని తయారీదారు ఇష్టం. విదేశాల్లో తయారైన బోర్డు తన స్వదేశపు టోన్లనే ఇక్కడా మోగిస్తుండవచ్చు. కొన్ని బోర్డులు అవతలివాళ్లు పెట్టేశాక బిజీ టోన్ బదులు వేగంగా కొట్టుకునే రీఆర్డర్ టోన్ ఇస్తాయి, కొన్ని మళ్లీ డయల్ టోనే ఇస్తాయి. అందుకే ఈ పని తెలిసినవాళ్లు ముందుగా ఆ టోన్‌ను రికార్డు చేసుకుని, శబ్ద విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో దాని పౌనఃపున్యాన్నీ, మోగే, ఆగే నిడివులనూ కొలిచి, ఆ అంకెలను గేట్‌వేలో రాస్తారు. గంటసేపు పట్టే ఈ కొలతను తప్పించుకోవడానికి కొందరు నిశ్శబ్దాన్ని ఆనవాలుగా పెడతారు. ఇన్ని సెకన్లు మాట వినిపించకపోతే కాల్ తెంపెయ్యమని గేట్‌వేకు చెబుతారు. ఆపరేటరు ఫైలు వెతుకుతున్నంతసేపు ఓపిగ్గా ఆగిన మనిషి కాల్ కూడా దాంతో తెగిపోతుంది. బిజీ టోన్ మోగుతుంటే నిశ్శబ్దం అసలు ఉండదు కాబట్టి అసలు జబ్బు నయం కాదు. నిశ్శబ్దాన్ని ఆఖరి కాపుగా పెట్టుకోవచ్చు గానీ, దాని మీదే ఆధారపడి వ్యవస్థను నడపకూడదు.

లైనుకు ఫోను వైపు నుంచి వచ్చే కబురు ఎప్పుడూ స్పష్టం: వలయం తెగితే కాల్ ముగిసినట్టే. ఎక్స్ఛేంజీ వైపు నుంచి వచ్చే కబురులోనే సందిగ్ధత ఉంది. ఫోను దగ్గరున్న మనిషి ఎలాగూ వింటాడు గనుక ఎక్స్ఛేంజీకి తీగల మీద వేరే సంకేతం పంపవలసిన అవసరం చాలాకాలం రాలేదు. ఆన్సరింగ్ మెషీన్లు, ఈపీఏబీఎక్స్‌ల వంటి యంత్రాలు లైను చివర చేరాకే ఆ అవసరం వచ్చింది. దాన్ని తీర్చడానికి రెండు విద్యుత్ సంకేతాలు వాడుకలోకి వచ్చాయి. ఒకటి, అవతలివాళ్లు పెట్టేయగానే ఎక్స్ఛేంజీ కొన్ని వందల మిల్లీసెకన్లపాటు బ్యాటరీని ఆపేయడం. రెండోది, తీగల ధ్రువాలను తారుమారు చేయడం. టోన్‌ను పోల్చుకోవడం ఊహతో కూడిన పని, తప్పవచ్చు. బ్యాటరీ ఆగిందా, ధ్రువం తిరిగిందా అన్నది కొలిచి తేల్చుకునే సంగతి. అందువల్ల కుదిరిన ప్రతిచోటా మొదటి దారినే, అంటే గేట్‌వే ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టును బోర్డు ట్రంకు పోర్టుకు ఇవ్వడాన్నే ఎంచుకోవాలి. అప్పుడు సందిగ్ధంగా మాట్లాడే ఎక్స్ఛేంజీ స్థానంలోకి గేట్‌వే వస్తుంది. అది ఏ సంకేతం ఇవ్వాలో మనమే నిర్ణయించవచ్చు. బోర్డు వైపు మనిషి ముందుగా పెట్టేస్తే బోర్డు ట్రంకు వలయాన్ని తెంచుతుంది, గేట్‌వేకు తక్షణం తెలుస్తుంది. ఐపీ వైపు ముందుగా పెట్టేస్తే గేట్‌వే బ్యాటరీని కాసేపు ఆపుతుంది. ఆ విరామాన్ని గమనించమని బోర్డు ప్రోగ్రామింగ్‌లో ట్రంకుకు చెప్పి ఉండాలి, గేట్‌వే ఆపే నిడివి బోర్డు ఎదురుచూసే నిడివికంటే ఎక్కువ ఉండాలి. ఈ రెండు అంకెలూ సరిపోలితే ఇరుక్కుపోయే లైన్ల బెడద చాలామటుకు తీరుతుంది.

ఒకటి రెండు లైన్లు అప్పుడప్పుడు ఇరుక్కుంటే మునిగిపోయేదేముంది, రాత్రికి గేట్‌వే దానంతటదే రీబూట్ అయ్యేలా పెడితే చాలదా అనేవాళ్లున్నారు. డేనిష్ గణితజ్ఞుడు ఎ.కె. ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రంతో దీనికి జవాబు చెప్పవచ్చు. రద్దీ గంటలో ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్ సగటున సుమారు 6.7 నిమిషాలు లైను వాడే 40 మంది ఆఫీసులో మొత్తం రద్దీ సుమారు 4.46 ఎర్లాంగులు, అంటే ఏ క్షణంలోనైనా సగటున దాదాపు నాలుగున్నర లైన్లు వాడుకలో ఉంటాయి అనుకుందాం. 10 లైన్లుంటే వందలో ఒక్క కాల్‌కు మాత్రమే లైను దొరకదు. అందులో రెండు ఇరుక్కుని 8 మిగిలితే దొరకని కాల్స్ వందకు 4.7 అవుతాయి. నాలుగు ఇరుక్కుంటే వందకు 15. అయిదో వంతు లైన్లు పోగానే వైఫల్యం దాదాపు అయిదింతలైంది. పైగా ఇరుక్కున్న లైను పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది కాబట్టి నిర్వహణ తెర మీద ఎర్రదీపం వెలగదు. ఫిర్యాదు వచ్చేది కూడా ‘ఒక్కోసారి లైను దొరకడం లేదు’ అనే అస్పష్టమైన రూపంలోనే.

కాల్ మొదలవడంలో కూడా ఇదే తంతు. ఫోను మోగిన గదిలోని మనిషికి ఎవరు చేశారన్నది ఎత్తాకే తెలిసేది. కాలర్ ఐడీ తర్వాత వచ్చి చేరిన సదుపాయం కావడంతో ఒక్కో దేశం దాన్ని ఒక్కో రకంగా పాత లైనులో ఇరికించింది. అమెరికాలో మొదటి గంటకూ రెండో గంటకూ నడుమ మోడెమ్ తరహా సంకేతంగా నంబరు వస్తుంది. భారతదేశపు ల్యాండ్‌లైన్లలో చాలాచోట్ల మొదటి గంటకు ముందే, ధ్రువాలు తారుమారైన వెంటనే, బటన్ నొక్కినప్పుడు వినిపించే డీటీఎంఎఫ్ స్వరాల రూపంలో వస్తుంది. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో అనలాగ్ లైన్ల అమరికలు చూస్తే, ధ్రువ మార్పుతో మొదలయ్యే కాలర్ ఐడీకి ఒక ఎంపిక ఉండగా, భారతదేశం కోసమే విడిగా ఇంకో ఎంపిక కనిపిస్తుంది. గేట్‌వే గంట మోగేదాకా చెవి తెరవకపోతే నంబరు అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. అవతలివాళ్లు ఎత్తిన క్షణాన్ని తెలపడం కూడా ఇలాంటిదే. ఎస్టీడీ బూత్‌ల కాలంలో బిల్లు మీటరుకు మాట మొదలైన క్షణం తెలియాలి గనుక ఎక్స్ఛేంజీ ధ్రువాలు తిప్పో, మీటరింగ్ పల్సులు పంపో చెప్పేది. ఆ సంకేతం లేని మామూలు లైను మీద ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వే డయల్ చేయడం పూర్తికాగానే కాల్ కలిసిందని ఐపీ వైపు ప్రకటిస్తుంది. అవతల ఇంకా మోగుతూనే ఉంటుంది. గదుల ఫోన్లకు నిమిషాల లెక్కన బిల్లు వేసే హోటలుకు ఇది చిన్న సంగతి కాదు.

ప్రతిధ్వని మీద వచ్చే ఫిర్యాదులను కూడా ఈ వెలుగులోనే చూడాలి. పాత బోర్డులో ఎప్పుడూ లేని ప్రతిధ్వని గేట్‌వే పెట్టాక వచ్చిందని వాడేవాళ్లు అంటారు, వాళ్లకు వినిపించేది నిజమే. రెండు తీగల లైను మీద వెళ్లే మాట, వచ్చే మాట కలిసే ప్రయాణిస్తాయి. ఆ రెంటినీ విడదీసే హైబ్రిడ్ సర్క్యూటు లైను ఇంపీడెన్స్‌కు సరిగ్గా సరిపోలితే తప్ప కొంత మాట వెనక్కి తిరుగుతుంది. ఇది పాత బోర్డులోనూ జరిగేది, కానీ ఆ మాట తక్షణమే తిరిగి రావడంతో చెవి దాన్ని తన సొంత గొంతులో భాగంగా సర్దుకునేది. గేట్‌వే 20 మిల్లీసెకన్ల మాటను ఒక్కో ప్యాకెట్‌గా కడుతుంది, అవతల ప్యాకెట్ల రాకలోని హెచ్చుతగ్గులను సర్దే జిట్టర్ బఫరు ఇంకొన్ని పదుల మిల్లీసెకన్లు ఆపుతుంది. అదే పాత తిరుగు మాట ఇప్పుడు ఆలస్యంగా, విడి గొంతుగా వినిపిస్తుంది. గేట్‌వే చేసిందల్లా అంతకుముందే ఉన్న లోపాన్ని బయటపెట్టడం. కాబట్టి మందు కూడా లైను దగ్గరే వేయాలి. 600 ఓమ్‌లా, లేక ఐరోపా పద్ధతిలో నిరోధాలు, కెపాసిటరు కలిసిన సంకీర్ణ ఇంపీడెన్సా అన్నది బోర్డు కార్డును బట్టి ఎంచుకోవాలి. గొంతు స్థాయిని అవసరానికి మించి పెంచకూడదు. జి.168 ప్రమాణం చెప్పే ప్రతిధ్వని నివారిణి ఆ తర్వాత మిగిలినదాన్ని తుడుస్తుంది. వినిపించడం లేదన్న ఫిర్యాదు రాగానే స్థాయిని 6 డెసిబెల్‌లు పెంచేసి, ప్రతిధ్వని వచ్చాక నివారిణిని తప్పుపట్టడం తరచూ జరిగే పొరపాటు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకుండా ఉంటే మంచిదని జి.114 సిఫారసు చెబుతుంది. ఒకే భవనంలోని నెట్‌వర్క్‌లో అది కష్టమేమీ కాదు.

డయల్ చేసే మనిషి తెలియకుండానే చేసే పనులు కొన్ని ఉంటాయి. రిసీవరు ఎత్తి, టోన్ వచ్చేదాకా ఆగి, బయటి లైను కోసం 0 నొక్కి, రెండో టోన్ విని, అప్పుడు నంబరు కొడతాడు. గేట్‌వే లైను ఎత్తిన మరుక్షణమే అంకెలు గుప్పిస్తే బోర్డు ఇంకా సిద్ధం కాక మొదటి అంకెను మింగేస్తుంది. హైదరాబాద్‌లోని ఆఫీసుకు బయటి ఊరి నుంచి డయల్ చేసేవాళ్ల బోర్డులో బయటి లైనుకు ఒక 0, ఎస్టీడీ కోడ్ 040లో ఇంకో 0 ఉంటాయి. రెంటిలో ఏది ఎక్కడ తీసేయాలో రాసి పెట్టుకోకపోతే సగం కాల్స్ తప్పు నంబరుకు పోతాయి. డీటీఎంఎఫ్ స్వరాలదీ సున్నితమైన వ్యవహారమే. జి.729 వంటి కుదింపు పద్ధతి మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని చేసింది, అందులో స్వరాలు వంకరపోతాయి. అందుకే అంకెలను మాటతో కలపకుండా విడి సంకేతాలుగా పంపే పద్ధతి 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2833గా, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4733గా ప్రమాణమైంది. అయితే గేట్‌వే ఆ సంకేతాన్ని పంపుతూనే అసలు స్వరాన్ని పూర్తిగా అణచకపోతే, పాత బోర్డు ఆటో అటెండెంట్ 214ను 22144గా వినవచ్చు. కాల్ బదిలీకి వాడే ఫ్లాష్ మరీ సున్నితం. వలయాన్ని క్షణకాలం తెంచి కలపడమే ఫ్లాష్. ఆ విరామం 60 మిల్లీసెకన్ల దగ్గరుంటే పాత పల్స్ డయలింగ్‌లో అది 1 అంకె, మరీ ఎక్కువైతే ఫోను పెట్టేసినట్టు. కొన్ని బోర్డులు 100 మిల్లీసెకన్లకు, కొన్ని 600కు స్పందిస్తాయి, గేట్‌వే దాన్నే అనుసరించాలి. అత్యవసర నంబర్ల విషయంలో ఈ సూక్ష్మాలు ప్రాణాల మీదికే వస్తాయి. అమెరికాలోని ఒక హోటల్ గది నుంచి 911 కొట్టినా, ముందు బయటి లైను అంకె నొక్కలేదు కాబట్టి కాల్ వెళ్లక ఒక ప్రాణం పోయిన ఘటన తర్వాత 2018లో కారీస్ లా చేశారు. బహుళ లైన్ల వ్యవస్థల్లో 911ను నేరుగా డయల్ చేయగలగాలని అది ఆదేశిస్తుంది. భారతదేశంలో 112 విషయంలోనూ, ముందు 0 ఉన్నా లేకున్నా కాల్ వెళ్లేలా డయల్ ప్లాను రాయడం కనీస బాధ్యత. ఫ్యాక్స్ యంత్రం ఇంకా నడుస్తుంటే దాని లైనును జి.711లో గానీ, 1998 నాటి టి.38 పద్ధతిలో గానీ పెట్టాలి. కుదింపు మీద ఫ్యాక్స్ సాగదు.

ఇంత తంటా పడే బదులు పాత బోర్డును తీసేసి అంతా ఐపీకి మార్చేయడమే తెలివైన పని కాదా అన్నది ఈ అనుసంధానం మీద వచ్చే గట్టి ఆక్షేపణ. అందులో నిజం ఉంది. నోర్టెల్ వంటి పెద్ద సంస్థే 2009 జనవరిలో దివాలా రక్షణ కోరింది. దాని మెరిడియన్, నోర్‌స్టార్ బోర్డులు వాడే ఆఫీసులకు కొత్త విడిభాగాలు దొరకవు, పాత సామాను అమ్మేవాళ్లే దిక్కు. తయారీదారు సొంత డిజిటల్ ఫోన్లను ఏ మామూలు అనలాగ్ గేట్‌వే నడపలేదు కూడా. అయినా ఒక్కసారిగా మార్చడానికయ్యే ఖర్చు ఫోన్లతో ఆగదు. గది గదికీ నెట్‌వర్క్ కేబుల్, ఆ ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్చులు, వాటికి యూపీఎస్ కావాలి. మూడు వందల గదుల హోటల్లో, విస్తరించిన ఆసుపత్రి ఆవరణలో రెండు తీగల జతలు గోడల్లో ఇప్పటికే ఉన్నాయి, అవి ఇంకా బాగున్నాయి. గేట్‌వే మార్పిడిని దశలవారీగా చేయనిస్తుంది. మొదట బయటి లైన్లు, తర్వాత కొత్త బ్లాకు, ఆఖరికి పాత గదులు అని వరుస పెట్టుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్లన్నిటినీ నేరుగా 24 పోర్టుల ఎఫ్‌ఎక్స్‌ఎస్ గేట్‌వేలకు మార్చి బోర్డును మాత్రమే తీసేయడం కూడా ఒక దశే. అప్పుడు గేట్‌వే ఎదుట మళ్లీ మనిషి చెవే ఉంటుంది కాబట్టి ముగింపు సంకేతాల చిక్కు చాలామటుకు ఉండదు.

బోర్డులో ఈ1 అనే డిజిటల్ ట్రంకు కార్డు ఉంటే అనలాగ్ ఎందుకు, దాని మీద నడిచే పీఆర్‌ఐ డిజిటల్ లైను వాడవచ్చు కదా అన్నది మరో ప్రశ్న. వాడవచ్చు, వాడాలి కూడా. ఒక్క ఈ1 మీద 30 కాల్స్ వెళ్తాయి, కాల్ ముగిస్తే కారణం 16, బిజీగా ఉంటే కారణం 17 అంటూ స్థితి మొత్తం స్పష్టమైన సందేశాల రూపంలో వస్తుంది. ఇక్కడ మెరుగైనది మాట నాణ్యత కాదు, జి.711 అంకెలు అక్కడా అవే. మెరుగైనది స్థితి చెప్పే భాష. ఈ వ్యాసం చెబుతున్న దానికి పీఆర్‌ఐయే మంచి సాక్ష్యం. కానీ నాలుగు ట్రంకులు, పదహారు ఎక్స్‌టెన్షన్ల చిన్న బోర్డులకు ఆ కార్డు పెట్టే చోటే ఉండదు, అనలాగ్ గేట్‌వేల అవసరం ఎక్కువగా ఉన్నదీ వాటికే.

చట్టం, భద్రతల గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. ప్రైవేటు ఐపీ నెట్‌వర్క్ మీద ఒక నగరం నుంచి మరో నగరానికి కాల్ తీసుకెళ్లి అక్కడి పబ్లిక్ లైనులోకి దింపడం, అంటే టోల్ బైపాస్, భారతదేశంలో నిషిద్ధం. ఇలాంటి నిబంధనలు పాటించడానికే సిస్కో తన కాల్ మేనేజర్‌లో లాజికల్ పార్టిషనింగ్ అనే అడ్డుగోడ పెట్టింది. టెలికాం శాఖ 2020 నవంబరులో, 2021 జూన్‌లో కాల్ సెంటర్ల వంటి సంస్థల నిబంధనలను బాగా సడలించినా ఈ నిషేధాన్ని ఎత్తేయలేదు. గేట్‌వేకు రెండు వైపులా తలుపులుంటాయి కాబట్టి దాన్ని కలిపే ముందు ఏ కాల్ ఏ తలుపులోంచి వెళ్లకూడదో రాసిపెట్టుకోవాలి. దొంగ కాల్స్‌కు కూడా ఈ కాగితమే మొదటి అడ్డు. బయటి నుంచి వచ్చిన మనిషికి బోర్డు మళ్లీ బయటి లైను ఇచ్చే డీసా సదుపాయాన్ని మూయాలి. గేట్‌వేను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టకూడదు. తయారీదారు పెట్టిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి.

గేట్‌వే పెట్టెతో పాటు కొనవలసిన యూపీఎస్‌ను చాలామంది లెక్కలో వేసుకోరు. పాత లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచే వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా ఫోను పనిచేసేది. ట్రంకులు గేట్‌వేకు మారాక ఆ ధీమా పోతుంది. బోర్డుకు బ్యాటరీ ఉన్నా, గేట్‌వేకో, దాని ముందున్న నెట్‌వర్క్ స్విచ్చుకో, రూటరుకో లేకపోతే బయటికి ఒక్క కాల్ కూడా పోదు. కరెంటు పోగానే ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టును నేరుగా ఎఫ్‌ఎక్స్‌ఓ లైనుకు కలిపే రిలే కొన్ని గేట్‌వేల్లో ఉంటుంది. ఒక్క ల్యాండ్‌లైనునైనా దాని వెనుక ఉంచుకుంటే ఆపరేటరు ఫోను, లిఫ్టు ఫోను బతుకుతాయి. రాగి లైన్లే లేకుండా పోతున్న చోట ఆ వెసులుబాటు కూడా ఉండదు. బ్రిటన్‌లో 2025 డిసెంబరుకు అనుకున్న పాత నెట్‌వర్క్ నిలిపివేతను 2027 జనవరి 31కి వాయిదా వేశారు. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, కరెంటు పోయినప్పుడు ల్యాండ్‌లైను మీదే ఆధారపడినవాళ్లు కనీసం ఒక గంటసేపు అత్యవసర నంబరుకు ఫోను చేయగలిగేలా కంపెనీలు ఏర్పాటు చేయాలని చెప్పింది. పాత బోర్డులకు బ్యాటరీ ఇచ్చే బాధ్యత ఎక్స్ఛేంజీ నుంచి గేట్‌వేకు, గేట్‌వే నుంచి దాన్ని పెట్టుకున్న ఆఫీసుకు మారుతోంది. స్విచ్చు, రూటరు, గేట్‌వే, బోర్డు నాలుగూ కలిపి ఎంత కరెంటు తాగుతాయో కొలిచి, బ్యాటరీ ఎన్ని గంటలు నిలవాలో నిర్ణయించి, మెయిన్స్ స్విచ్ ఆపి, లిఫ్టు ఫోను నుంచి ఒక కాల్ చేసి చూశాకే ట్రంకులను గేట్‌వేకు మార్చాలి.